నిలవ పెట్టొద్దన్న మనిషి

మా గది పెద్దన్న పోయాడు. సోమవారం దవాఖాన నుంచి ఫోనొచ్చింది. నన్నడిగితే ఆయన పోయింది అంతకు పంతొమ్మిది రోజుల ముందే. కాగితాలకు ఆ సంగతి ఇప్పుడు తెలిసింది.

ఇక్కడ గల్ఫ్‌లో, అల్ రువైస్ రేవు పక్కన చేపల కోల్డ్ స్టోరులో కలిసి పనిచేశాం. జగిత్యాల వైపు మనిషి. ప్రతి పెట్టె మీదా తేదీ వేసి, పాతవాటిని ముందుకు లాగేవాడు. "ముందొచ్చింది ముందు పోవాలె" అనేవాడు. ఒకసారి నేను తేదీ తప్పేస్తే వరసంతా దింపించాడు. లోపల తిట్టుకున్నాను. బయటికొచ్చాక వేడి చాయ్ గ్లాసు నా చేతుల్లో పెట్టి, "తాగకు, ముందు వేళ్లు కాచుకో" అన్నాడు.

ఒక శుక్రవారం ఫోన్‌లో వీడియో చూపించాను. చచ్చాక ఒంటిని గడ్డకట్టించి దాస్తారట, ఎప్పటికైనా మందు దొరికితే లేపుతారట. జబ్బుపడ్డ ఒకాయన చావకముందే గడ్డకట్టించమంటే కోర్టు కుదరదందట. గదంతా నవ్వింది.

పెద్దన్న నవ్వలేదు. "ఐసు చాపను చెడకుంట ఆపుతది గని, మల్ల ఈదిపిస్తదారా?" అన్నాడు. ఫోన్ నా చేతికిచ్చి, "అయినా ఆయన పానం, ఆయనిష్టం. రేపు నేను దవాఖానల మిషన్ మీద పడ్తె నన్నన్న అడుగుతరా?" అన్నాడు.

అప్పుడే పెట్టెలకంటించే లేబుల్ వెనక తెలుగులో రాశాడు: "తెలివి రాదని డాక్టర్లంటే గొట్టాలు పెట్టి నన్ను నిలవ పెట్టొద్దు." మన దేశంలో ఇలాంటిదానికి ఇద్దరు సాక్షులుండాలని ఎక్కడో విన్నాడు. నేనూ, మా గదిలోనే ఉండే హైదరాబాద్ డ్రైవర్ భాయీ సంతకాలు పెట్టాం. చేపల లేబుల్ చెల్లుతుందని ముగ్గురం నమ్మాం. ఎంత పిచ్చివాళ్లం!

ఆ సోమవారానికి పంతొమ్మిది రోజుల ముందు పెద్దన్నకు మెదడులో నరం చిట్లింది. ఊపిరి మిషన్ పెట్టారు. ఇక లేవడని డాక్టరే చెప్పాడు. లేబుల్ తీసి హిందీలో చదివి వినిపించాను. డాక్టరు తల దించుకున్నాడు. ఇక్కడి చట్టం ప్రకారం ఇది చెల్లదు, పెట్టిన మిషన్ నేను తీయలేను అన్నాడు.

ఊళ్లో వదినకు ఫోన్ కలిపాను. "నాకు గూడ చెప్పిండు. ఆయన మాటే మాట, ఇడిసిపెట్టుండ్రి" అని ఏడ్చింది. ఆమె మాటా చెల్లలేదు.

మరి ఎవరి మాట చెల్లుతుందయ్యా? ఐసులో ఉంటానన్నవాడికి ఓ చట్టం అడ్డం, పోతానన్నవాడికి ఇంకో చట్టం అడ్డం. మా డ్యూటీ, మా గది, మా సెలవు అన్నీ వేరేవాళ్లే నిర్ణయించారు, సరే అన్నాం. చావు కూడానా?

ఊరికి పంపే కాగితాలు ఇంకా రాలేదు. నిలవ పెట్టొద్దన్న మనిషి ఐసులోనే ఉన్నాడు. నిన్న గుర్తుపట్టడానికి మార్చురీకి పిలిస్తే వెళ్లాను. అర లాగారు. కాలికి లేబుల్ కట్టి ఉంది. దాని మీద సోమవారం తేదీ వేశారు.

తేదీ దిద్దుదామని నేను జేబులోంచి పెన్ను తీశాను. కాపలాదారు "మాఫీ, మాఫీ" అని అరబ్బీలో కుదరదంటూ చెయ్యి అడ్డం పెట్టి, అరను లోపలికి తోసేశాడు.