చీటీ పీకేసిన డబ్బా

కెనడాలో, బ్రాంప్టన్‌లో మా ఇంటి బేస్‌మెంట్ నా చిన్నప్పుడు ఒక్క వారం కూడా ఖాళీగా ఉండేది కాదు. మన దేశం నుంచి చదువుకోడానికి అంతమంది పిల్లలు దిగేవాళ్ళు. ఆ ఏడు కింద ఉన్నది కర్నూలు అక్క. యూనివర్సిటీలో కంప్యూటర్ ఓనమాలు దిద్దుతోంది. ఆమె ల్యాప్‌టాప్ చెడిపోతే అమ్మ మా పాత కంప్యూటర్ వాడుకోనిచ్చింది.

ఒకరోజు అందులో అమ్మమ్మ గొంతు మాయమైంది. పోయేముందు అమ్మమ్మ ఆవకాయ కొలతలు చెబుతుంటే అమ్మ రికార్డు చేసుకున్న ఫైలు అది. అమ్మకి మిగిలింది అదొక్కటే. అనుమానమంతా అక్క మీదికే పోయింది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం! నెలాఖరుకి ఖాళీ చేయమంటా" అంది అమ్మ. ఒక్క గదికి పదిమంది ఎగబడే రోజులు, అక్క ఎక్కడికి పోతుంది?

తీసేసింది నేనే. గేమ్‌కి చోటు చాలక, చూసుకోకుండా తీసేసి, కంప్యూటర్‌లోని చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. గేమ్ ఎక్కించకముందే గొడవ మొదలైంది. పాడు భయం, దాచేశాను.

అక్క ఏడవలేదు. వంటింట్లోంచి కారం డబ్బా తెచ్చి, దాని మీది పేరు చీటీ పీకేసింది.

"ఇప్పుడు కారం పోయిందా ఆంటీ?"

"చీటీ పీకితే కారం ఎక్కడికి పోతుంది?" అంది అమ్మ విసుగ్గా.

"డిలీట్ చేసినా అంతే ఆంటీ. పేరు మాత్రం పోతాది. ఆ చోట ఇంకోటి పోసేదాకా సరుకు లోపలే ఉంటాది. ఎవరూ ఆ కంప్యూటర్‌ని ముట్టుకోకండి, చాలు."

నన్ను పట్టించడానికే ఈ నాటకమని నాకు అనుమానం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె కుర్చీ వెనకే తిరిగాను.

అక్క క్లాసులో ఇచ్చిన ప్రోగ్రాం పెన్‌డ్రైవ్ నుంచి నడిపింది. తీసేసిన ఫైళ్ళన్నీ వరుసగా వచ్చాయి. అమ్మమ్మ ఫైలు పక్కన తీసేసిన వేళ కూడా ఉంది: శనివారం మధ్యాహ్నం. ఆ వేళకి అక్క తన పార్ట్‌టైం పనిలో, వేర్‌హౌస్ షిఫ్టులో ఉంది, ఇంట్లో ఉన్నది నేను. అక్క ఆ వరుస చూసింది, నన్ను చూసింది. ఫైలు తెరిచి స్పీకర్ పెంచింది.

"ఉప్పు కాస్త చూసి వెయ్యవే" అంది అమ్మమ్మ. అమ్మ కూలబడి ఏడ్చేసింది.

ఇక ఆగలేక, నేనే తీసేశానమ్మా అనేశాను. అమ్మ నన్ను కొట్టలేదు. అక్క చేతులు పట్టుకుని "తప్పయిపోయిందమ్మా" అంది. నా బదులు అమ్మ అలా తలవంచడం చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు నాకు పిల్లలున్నారు. ఇంట్లో ఏది కనబడకపోయినా, ఎవరినైనా ఒక మాట అనేముందు, ఆ వేళకి నేనెక్కడున్నానో చూసుకుంటాను.