లేవమని కొట్టే దరువు

సోఫా బాబాయ్ షాపు, నా జిరాక్స్ షాపు పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో ఉన్నది పేరుకే గోడ. ఆయన అటువైపు స్టేప్లర్ కొడుతుంటే ఇటువైపు నా మిషన్ మీది కాగితాలు ఉలిక్కిపడతాయి. చిరిగిన సోఫాలు బాగుచేస్తాడు గనక సోఫా, నాకంటే పెద్దవాడు గనక బాబాయ్. అసలు పేరు అడిగే పని ఎవరికీ పడలేదు. పని చేసేటప్పుడు అరడజను చిన్న మేకులు నోట్లో పెట్టుకుంటాడు. అందుకని ఆయన్ని ఏదైనా అడిగితే మేకులు అయిపోయేదాకా ఆగాలి. జవాబు వచ్చేసరికి మనం అడిగిందేమిటో మనకే గుర్తుండదు.

షాపు వెనక ఒక గది, అదే ఆయన ఇల్లు. మంచం, స్టవ్వు, ఒక చెక్క కుర్చీ. ఊళ్ళో వాళ్ళందరూ కూర్చునేవాటిని మెత్తగా చేసే మనిషి తాను మాత్రం చెక్క మీద కూర్చునేవాడు. పెళ్ళెందుకు చేసుకోలేదు బాబాయ్ అంటే, "కుదర్లేదమ్మాయ్" అనేవాడు, బస్సు తప్పిపోయిందని చెప్పినంత మామూలుగా.

ఆయనకున్న చుట్టాలూ పక్కాలూ అంతా ఫుట్‌బాల్ స్టేడియంలోనే. తూర్పు స్టాండు, ఆరో వరస. ముప్ఫై ఏళ్ళకు పైగా మా జట్టు డ్రమ్ము ఆయనదే. తోలు ఆయనే బిగించేవాడు, మెడకు వేసుకునే పట్టీ ఆయనే కుట్టుకున్నాడు. గోలు పడితే ఒక దరువు, రిఫరీని ఏడిపించడానికి ఇంకో దరువు. అన్నిటికన్నా పేరున్నది లేవమని కొట్టే దరువు. మా ఆటగాడు దెబ్బతిని పడిపోతే స్టాండంతా నోరు మూసుకుంటుంది. బాబాయ్ ఒక్కడే నెమ్మదిగా మొదలుపెడతాడు. తర్వాత మేం చప్పట్లు కలుపుతాం, "లే! లే! లే!" అని గొంతు కలుపుతాం. పడ్డవాడు లేచి నిలబడేదాకా దరువు ఆగకూడదు. అది మా స్టాండు ఆచారం. లేవకుండా స్ట్రెచర్ మీద పోయినవాణ్ణి ఆ తర్వాతి మ్యాచ్‌లో కాస్త చిన్నచూపు చూసేవాళ్ళం. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ చూశాను.

ఆ దరువు పుట్టిందే ఆయన అన్న కోసం. అన్న మా జట్టుకు తొమ్మిదేళ్ళు, గోలు ముందు కాపు కాసే బ్యాక్‌గా ఆడాడు. గోడ అనేవాళ్ళు. గాల్లో వచ్చే ప్రతి బంతికీ అందరికంటే ముందు ఆయన తల ఎగిరేది. మోచేతులు తగిలేవి, ఎదుటివాళ్ళ తలలు తగిలేవి, ఒకసారి గోల్ స్తంభమే తగిలింది. పడేవాడు. తమ్ముడు డ్రమ్ము కొట్టేవాడు. లేచేవాడు. మా నాన్న భుజాల మీద కూర్చుని అది చూస్తూ నేను గొంతు పోయేలా అరిచేదాన్ని. ఆయన ఆట మానేసి ఇరవై ఏళ్ళు దాటినా స్టాండులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవాళ్ళు, "గోడన్న ఎలా ఉన్నాడు బాబాయ్?" అని. "బాగున్నాడు" అనేవాడు.

బాగాలేడు. అరవై నిండకముందే దారులు మరిచిపోవడం మొదలైంది, తర్వాత మనుషుల్ని. పోయిన సీజన్ ఫైనల్‌కు రెండు నెలల ముందు డాక్టరు బాబాయ్‌నీ ఆయన వదిననూ కూర్చోబెట్టి చెప్పాడట. తలకు తగిలిన దెబ్బలు, తగిలినప్పుడల్లా విశ్రాంతి లేకుండా వెంటనే లేచి ఆడటం, ఈ మరుపుకు చాలావరకు అదే కారణమై ఉంటుందని. "పడ్డాక ఎవరూ ఆపలేదా ఆయన్ని?" అని కూడా అడిగాడట. ఇవన్నీ నాకు తర్వాతెప్పుడో తెలిశాయి. అప్పుడు మాత్రం బాబాయ్ మాలో ఎవరితోనూ ఒక్క ముక్క అనలేదు. చెప్పి ఉండాల్సింది. చెబితే వినేవాళ్ళమా అంటే, నేను ఒట్టేసి చెప్పలేను.

ఫైనల్ మధ్యాహ్నం జరిగింది. ఒక గోలుతో మేం ముందున్నాం. ఇంకో పావుగంట గడిస్తే కప్పు మాది. అప్పుడు ఎదుటి జట్టుకు కార్నర్ కిక్ దొరికింది. మా బ్యాక్ ఇరవై రెండేళ్ళ కుర్రాడు, మేం పొడుగోడు అంటాం. బంతికోసం ఎగిరాడు. ఎదుటివాడి తల ఇతని కణతకు తగిలింది. ఆ చప్పుడు ఆరో వరస దాకా వచ్చింది. పడటంలోనే ఏదో తేడా ఉంది, నేలకు చేతులు ఆనించుకోలేదు.

స్టాండు నోరు మూసుకుంది. అందరి మొహాలూ బాబాయ్ వైపు తిరిగాయి. ఆయన డ్రమ్ము కర్రలు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"కొట్టు బాబాయ్" అన్నాను.

"వద్దమ్మాయ్."

"వద్దేంటి? కుర్రాడు పడిపోయాడక్కడ!"

"పడుకోనీ. వాణ్ణి అలా పడుకోనీ."

వెనక వరసలోంచి బస్సు డ్రైవరు అరిచాడు, "ఏమయ్యా, నిద్రొచ్చిందా? కొట్టవయ్యా!" అవతలి స్టాండువాళ్ళు, కుర్రాడు నటిస్తున్నాడని ఈలలు వేస్తున్నారు. దాంతో మావాళ్ళకు ఇంకా మండింది. బాబాయ్ లేచి నిలబడ్డాడు. హమ్మయ్య, కొడతాడనుకున్నాం. ఆయన మైదానం వైపు కర్రలతో సహా రెండు చేతులూ ఊపుతూ, "బయటికి తీసుకెళ్ళండయ్యా! వాణ్ణి బయటికి తీసుకెళ్ళండి!" అని అరిచాడు. ఇన్నేళ్ళలో ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మైదానంలో ఎవరికీ వినబడలేదు. మా స్టాండుకు మాత్రం బాగా వినబడింది. కప్పు చేతికందే వేళ మావాణ్ణే బయటికి పంపమంటున్నాడని అర్థమైంది. ఇక బూతులు లంకించుకున్నారు. ముప్ఫై ఏళ్ళు పక్కన కూర్చున్నవాళ్ళు, ఆయన కుట్టిన కుషన్ల మీద కూర్చున్నవాళ్ళు.

నేను బూతులు తిట్టలేదు. అంతకంటే పెద్ద పని చేశాను. ఆయన మెడలోంచి పట్టీ తీసి డ్రమ్ము నా మెడలో వేసుకున్నాను. ఆయన అడ్డుకోలేదు, కర్రలు కూడా తనే ఇచ్చాడు. చేతుల్లోంచి జారిపోతున్న సామాను పక్కవాళ్ళకు అందించినట్టు ఇచ్చాడు. ఇన్నేళ్ళు పక్కన కూర్చున్నదాన్ని, ఆ దరువు నాకు రాకుండా ఎలా ఉంటుంది? కొట్టాను. స్టాండు అందుకుంది. లే! లే! లే!

పొడుగోడు మోకాళ్ళ మీదికి వచ్చాడు. జట్టు డాక్టరు ఏదో అడుగుతుంటే ఆయన వైపు చూడనే లేదు, మావైపు చూసి చెయ్యెత్తాడు. స్టేడియం దద్దరిల్లిపోయింది. చివరి నిమిషంలో గోల్ గీత మీదినుంచి బంతిని తలతోనే బయటికి కొట్టాడు. కప్పు మాదైంది. నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. అంత పైనుంచి చూస్తే బాబాయ్ సీటు ఖాళీగా కనబడింది.

కప్పు ఊరేగింపులో పొడుగోడు లేడు. బట్టలు మార్చుకునే గదిలోనే వాంతులయ్యాయట, అట్నుంచి అటే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. వెలుతురు చూడలేకపోతున్నాడని, వాళ్ళమ్మ గది కిటికీలకు దుప్పట్లు కట్టిందని తర్వాత తెలిసింది. మళ్ళీ ఆడతాడో లేదో ఎవరూ చెప్పలేదు. మావాళ్ళు ఫోన్లలో ఎదుటి ఆటగాణ్ణి ఉతికి ఆరేశారు, రిఫరీని దులిపేశారు, డాక్టరును కడిగేశారు. డ్రమ్ము ఊసు ఒక్కరూ ఎత్తలేదు. తలకు కట్టుతో ఉన్న పొడుగోడి బొమ్మ కింద 'పడి లేచినవాడు' అని రాసి పోస్టర్లు వేయించారు. నా మిషన్ మీదే తీశాను. మూడొందలు తీశాక మిషన్ ఆపేసి, ఇంక్ అయిపోయిందని అబద్ధం చెప్పాను.

కొత్త సీజన్ మొదటి మ్యాచ్‌కు బాబాయ్ వచ్చాడు. ఆరో వరసలో తన సీట్లో ఉత్త చేతులతో కూర్చున్నాడు. అటు రెండు సీట్లు, ఇటు రెండు సీట్లు ఖాళీ. అందరూ మొహం తిప్పుకున్నారు. బస్సు డ్రైవరు టీలు పంచుతూ ఆయన్ని దాటించి అవతలివాడికి ఇచ్చాడు. డ్రమ్ము నా మెడలోనే ఉంది, నేను పైవరసలో నిలబడ్డాను, దిగి వెళ్ళలేదు. సగం ఆటకే ఆయన వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత మూడు నెలలు గోడ అవతల చప్పుళ్ళు వింటూ గడిపాను. స్టేప్లర్ నాలుగు దెబ్బలు కొట్టేది, ఆగిపోయేది. చాలాసేపు ఏమీ వినబడేది కాదు. ఆయన షాపుకు సోఫాలు వచ్చేవి, మనుషులు కూర్చోవడానికి వచ్చేవాళ్ళు కాదు. అంత ఏకాకిని చేసింది మేమే, అందులో ముందు చెయ్యి నాదే. ఒక సోమవారం డ్రమ్ము పట్టుకుని వెళ్ళాను. ఆయన షట్టర్ దించుతున్నాడు.

"బాబాయ్, నన్ను తిట్టు" అన్నాను.

"తిట్టడమెందుకమ్మాయ్, ఆ దరువు నేర్పింది నేనేగా" అన్నాడు. డ్రమ్ము వంక చూడలేదు. అన్న దగ్గరికి వెళ్తున్నానన్నాడు. నేనూ వస్తానన్నాను. షట్టర్‌కు తాళం వేసి సరే అన్నాడు. డ్రమ్ము నా షాపులో పడేసి ఆయనతో బస్సెక్కాను. అన్న గురించి డాక్టరు చెప్పిందంతా ఆ బస్సులోనే, కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు.

గోడన్న కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. నుదుటి మీద పాత కుట్ల మచ్చలు గీతల్లా కనబడుతున్నాయి. బాబాయ్ వదిన, "ఎవరొచ్చారో చూడండి" అంది. ఆయన మర్యాదగా మా ఇద్దరినీ చూసి, "రండి, కూర్చోండి" అన్నాడు. బాబాయ్ మంచం అంచున కూర్చున్నాడు. ఇక్కడికి ఎన్ని సోమవారాలు వచ్చాడో, ఎన్నిసార్లు ఈ మాట విన్నాడో నేను అడగలేదు.

"ఫైనల్లో మన కుర్రాడు పడిపోయాడు. తలకు తగిలింది" అన్నాడు బాబాయ్.

గోడన్న కళ్ళలోకి ప్రాణం వచ్చింది. ముందుకు వంగాడు. "లేచాడా?"

"లేచాడు. లేవకుండా ఉండాల్సింది."

"అదేం మాటండీ? లేవాలి." నా వైపు తిరిగాడు. "నేను పడ్డప్పుడు మా తమ్ముడు డ్రమ్ము కొట్టేవాడమ్మా. కళ్ళు కనబడేవి కాదు, ఎటువైపు ఆడాలో తెలిసేది కాదు. అదొక్కటే వినబడేది. వాడు పిలుస్తున్నాడు కదా, ఎలా పడుకుంటాను?"

నేను తల దించుకున్నాను. బాబాయ్ తన మోకాళ్ళ మీది చేతుల్ని చూసుకుంటున్నాడు.

"మంచివాడండీ మా తమ్ముడు. ఈమధ్య రావడం లేదు, నా మీద కోపమొచ్చిందేమో" అన్నాడు గోడన్న. "మీకు ఎక్కడైనా కనబడితే ఒకసారి రమ్మని చెప్పండి."

"అలాగేనండీ, చెప్తాను" అన్నాడు బాబాయ్.