పిడికెడు బియ్యం

అరవైల్లో మాట. పెళ్లై, కోట అనే ఊరి దగ్గర సముద్రపు ఒడ్డునున్న పల్లెకు కాపురానికొచ్చి అప్పటికి ఏడాది. వండిన ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి దాచి, ఆదివారం చర్చిలో ఇవ్వడం మా క్రైస్తవ కుటుంబాల అలవాటు. ఆ ఏడు తుపానుకు పైర్లు పోయాయి. మాకు కూలి పనులు లేవు.

ఆ ఆదివారం పాస్టరుగారు సాత్వికం గురించి, ఆశానిగ్రహం గురించి చాలాసేపు ప్రసంగించారు. తర్వాత నేను బియ్యం సంచి తీసుకెళ్లి ఇచ్చాను. సంఘపెద్ద దాన్ని అందరికీ కనిపించేలా పైకెత్తాడు.

"వారానికి ఇంతేనా తెచ్చినావు? దేవుడి దగ్గర కూడా పిసినారితనమా?"

వెనక ఎవరో నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. సంచి లాక్కుని మూతి విప్పాను. ఆయన నెత్తిన కుమ్మరించడానికి చెయ్యి లేచింది కూడా. పక్కనే మా అత్త బిగుసుకుపోయింది. ఎలాగో చెయ్యి దించాను.

"మా ఇంట్లో వండేది ఒక్క పూటే గదయ్యా. వండినప్పుడల్లా పిడికెడు తీసినాను" అన్నాను మెల్లగా.

అయినా ఆయన తగ్గలేదు.

"పెద్దోళ్లకే ఎదురు చెప్తావా? అయ్యగారు ఇంతసేపు చెప్పిన సాత్వికం ఏమైపోయింది?"

"అది ఉండబట్టే ఈ బియ్యం ఇంకా సంచిలో ఉండాయయ్యా. లేకుంటే మీ నెత్తిన ఉండేవి."

ఈసారి నవ్విన వాళ్లలో పాస్టరుగారు కూడా ఉన్నారు.

క్షమాపణ అడగమని మా అత్త వారం రోజులు పోరింది. నేను అడగలేదు. నా కోపాన్ని అదుపులో పెట్టమని ఈనాటికీ రోజూ ప్రార్థిస్తాను. నా నోరు మూయించమని మాత్రం దేవుణ్ణి ఏనాడూ అడగలేదు.