పారాచూట్ ముందు నిలబడ్డ బావ

గల్ఫ్ ఇంటర్వ్యూకు పోవాల్సిన మనిషిని అదే రోజు ఫిరంగులు చూపించడానికి తీసుకుపోయిన ఘనత మా కోరుట్ల బజారులో నా ఒక్కడిదే. ఆ రోజుల్లో మా వైపు ఏ ఇంట్లో చూసినా ఒక మగమనిషి గల్ఫ్‌లో ఉండేవాడు, లేదంటే గల్ఫ్ కోసం బొంబాయిలో పడిగాపులు కాసేవాడు. మా అక్క మొగుడు రెండో రకం. సిరిసిల్లలో ఆయన నడిపే మరమగ్గాలు ఆగిపోయి ఏడాదైంది. దుకాణంలో పెరిగినవాణ్ణి, ఎవరి చేతిలోనూ మోసపోనని (ఇది మా నాన్న నమ్మకం, అంతకంటే ఎక్కువగా నాది) నన్ను ఆయనకు తోడుగా బొంబాయి పంపారు.

పదకొండు మంది పడుకునే గదిలో బావ అప్పటికి రెండుసార్లు సంచి సర్దాడు. “నాతోని గాదు బామ్మర్ది. మగ్గం తప్ప నాకేం పని రాదు. ఇంటికి పోత.” ఇంటర్వ్యూ మూడింటికి. అందాకా గదిలో ఉంచితే రైలెక్కేస్తాడని మిలిటరీ మ్యూజియానికి తీసుకుపోయాను.

గేటు దగ్గర గైడు, రిటైరైన సిపాయి, వంద అడిగాడు. యాభైకి దించాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఒక్క వస్తువు కూడా వదలకుండా చెప్పాలని షరతు పెట్టాను. సిపాయి కదా, మాట మీద నిలబడ్డాడు. అమరుల పేర్లున్న గోడ ముందు మమ్మల్ని రెండు నిమిషాలు మౌనంగా నిలబెట్టి, ఆ తర్వాత ఒక్కో ఫిరంగి బరువూ, గుండు ఎంత దూరం పోతుందో చెప్పుకుంటూ పోయాడు. పాత ఇనుము కింద అమ్మితే ఎంతొస్తుందని అడిగాను. ఆయన తర్వాతి ఫిరంగి దగ్గరికి నడిచాడు.

వెనక్కి చూస్తే బావ లేడు. అద్దాల పెట్టెలో పెట్టిన పారాచూట్ ముందు వంగి ఉన్నాడు.

“బామ్మర్ది, గిటు రా. గీ బట్ట సూడు.”

“సూసిన గని నడువు బావ. ఇంక నాలుగు ఫిరంగులున్నయి, పైసలిచ్చినం.”

“ఈడ సినిగింది. సినిగిన కాడ పోగుకు పోగు కలిపిన్రు. ఎవడో నేత తెల్సినోడే.”

గైడు కళ్లజోడు పెట్టుకుని చూశాడు. ఏళ్ల తరబడి దాని పక్కనే నిలబడ్డాడు గానీ ఆ అతుకు ఎప్పుడూ ఆయన కంటపడలేదు. దీంతో దూకినవాడు ప్రాణాలతోనే దిగాడని హిందీలో చెప్పాడు.

“దిగుతడు. గింత మంచిగ కలిపినంక ఎందుకు దిగడు?” అన్నాడు బావ.

పది రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు. తెగిన పోగును ఎట్లా కలుపుతారో వేళ్లతో చూపిస్తుంటే గైడు పిల్లవాడిలా చూశాడు. గడియారం రెండుంబావు చూపిస్తోంది. అప్పుడే బయటపడాల్సింది. మిగిలిన నాలుగు ఫిరంగులు వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు.

“టైమెంతైంది బామ్మర్ది?”

“మస్తున్నది బావ. ఇంక రెండే ఫిరంగులు.”

మేం ఏజెంటు ఆఫీసుకు చేరేసరికి మూడున్నర దాటింది. వచ్చినవాళ్ల లిస్టు పైకి వెళ్లిపోయిందని గుమాస్తా తల కూడా ఎత్తకుండా చెప్పాడు. బావ మెట్ల మీద కూర్చుని, “పోనీ తియ్యి” అన్నాడు.

ఆ తర్వాత ఎనిమిది నెలలకు గానీ ఆయనకు మస్కట్‌లో మూటలు మోసే పని దొరకలేదు. ఇప్పుడు నేను ఏ ఊరు పోయినా యుద్ధ స్మారకాలు, మ్యూజియాలు వదలను. బట్ట కనబడితే ఆగి చూస్తాను. నాకేం కనబడదు.

ఇక ఆ రోజు ఖర్చు. ఏజెంటు తిరిగివ్వని అడ్వాన్సు, వాపసు రైలు టికెట్లు, ఇల్లు గడవక అక్క కుదవబెట్టిన పుస్తెలతాడు, ఎనిమిది నెలలు. గైడు, చాయ్, బస్సు కూడా బావ జేబులోంచే. నాది ఒక్క రూపాయి కదలలేదు. చాలా ఏళ్లు దాన్ని నా తెలివని చెప్పుకున్నాను.