పాలపుంత నడిబొడ్డుకు ఎండాకాలం ప్రయాణం

ఎడారికి చలికాలంలో వెళ్ళాలని ఇక్కడ అబుదాబిలో పసిపిల్లలకు కూడా తెలుసు. మేం ఆగస్టులో బయల్దేరాం. తప్పు మాది కాదు, పాలపుంతది. చలికాలంలో దాని నడిబొడ్డు ఉన్న దిక్కునే సూర్యుడూ ఉంటాడు. గుడారాలు వేసుకుని కబాబులు కాల్చుకునే జనవరి రాత్రుల్లో అది కనబడదు. నిరుడు మా తెలుగువాళ్ళందరం అలాగే వెళ్ళాం. మా ఆయన సుధాకర్‌కు ఈ సంగతి ముందే తెలుసు. నలుగురి సరదా పాడుచేయడం ఎందుకని నోరు మెదపలేదు. అంత మొహమాటం మనిషి.

ఆయన ఆఫీసులో జీతాల లెక్కలు చూస్తారు. ఇంటికొస్తే ఆ నడిబొడ్డులో నక్షత్రాలు ఎలా తిరుగుతాయో చూస్తారు. శాస్త్రవేత్తలు అందరికోసం ఇంటర్నెట్‌లో పెట్టిన కొలతలు తెచ్చుకుని ల్యాప్‌టాప్‌లో చుక్కల్ని పరుగులు పెట్టిస్తారు. అంత వెర్రి ఉండి కూడా ఆ చోటును కళ్ళారా ఒక్కసారీ చూడలేదు. ఇక వాయిదా వేసే వీల్లేదు. ఆయనకు రెటీనా జబ్బు, మసక వెలుగులో చూపే ముందు పోతుంది. నేను నర్సుని, దీనికి మందు లేదని తెలుసు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు.

శనివారం మధ్యాహ్నం మూడింటికి బనియాస్‌లో అల్ ఐన్ బస్సెక్కాం. వెళ్ళదలచినవాళ్ళు బస్సు కార్డులో ముందే డబ్బు వేసుకోండి, డ్రైవరు నోట్లు తీసుకోడు. పెరుగన్నం, కోడి వేపుడు, ఆరు సీసాల నీళ్ళు తెచ్చుకున్నాం. అయిదు కాకముందే అల్ ఐన్‌లో దిగాం. ఒకప్పుడు నాతో పనిచేసిన కాకినాడ రత్న కారుతో వచ్చింది.

“ఈ ఎండలో ఎడారేంటక్కా, బావగారికేమైనా గాలి సోకిందా?” అంది.

“ఎప్పుడో సోకిందమ్మా, ఇప్పుడు ముదిరింది,” అన్నారాయన.

దక్షిణంగా గంటకు పైగా వెళితే అల్ ఖువా ఇసుక. చీకటి పడుతుండగా దిగాం. రెండడుగులు వేసి ఆయన తూలారు. చెప్పు జారిందని రత్నతో చెప్పారు. అది నమ్మి, ఉక్కకు తాళలేక ఏసీ కోసం కారులోనే ఉండిపోయింది.

చాప పరుచుకుని కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా కూర్చున్నాం. ఎనిమిది దాటాక దక్షిణాన వృశ్చికం కొండి పక్కన తెల్లటి పొగ తేలింది. అక్కడికి వచ్చేసరికి పాలపుంత లావెక్కింది, నడుమ నల్లటి చారలున్నాయి. ఆయనా సరిగ్గా అటే తిరిగి కూర్చున్నారు. నా వైపు తిరగకుండానే అడిగారు.

“ఉందా?”

“ఉందండీ.”

“నాకు లేదు సుజాతా.”

ఏడ్చాను, దాచుకోవడం దేనికి. ఓదార్చబోతే ఆయన వినిపించుకోలేదు. ఎంత వెడల్పుంది, చారకు పైనా కిందా రెండు వైపులా ఉబ్బిందా అని ఒకటే ప్రశ్నలు. నాకు చెప్పడం చేతకాక ఆయన చెయ్యి పట్టుకుని ఆకాశం మీద ఆ అంచు వెంట తిప్పాను. అంచు అయిపోయింది, ఆయన చెయ్యి మాత్రం ఆగలేదు. ఇప్పుడు నా చేతిని ఆయన తిప్పడం మొదలుపెట్టారు.

“మన సూర్యుడు బుద్ధిగా గుండ్రంగా తిరుగుతాడు. ఇక్కడివి అలా కాదు. చాలావరకు ఇలా పొడుగునా దూసుకుపోయి వెనక్కొస్తాయి. వస్తూ పైకెక్కుతాయి, కిందికి దిగుతాయి. పక్కనుంచి చూస్తే అన్నీ కలిసి వేరుశనక్కాయ ఆకారం.”

“గుద్దుకోవూ?”

“మధ్య బోలెడంత చోటుంది. ఒకదాన్నొకటి లాక్కుంటూ అక్కడక్కడే ఉంటాయి.”

నా చెయ్యి ఆ దారులన్నీ తిరిగింది. ఎంత చూపున్నవాళ్ళకైనా నక్షత్రాల కదలిక అక్కడ నిలబడి చూస్తే తెలియదు. నాకు ఆ రాత్రి తెలిసింది.

రత్న ఇంట్లో పడుకుని, ఆదివారం పదింటి బస్సుకు తిరుగుముఖం పట్టాం. పక్క సీటులో మఫ్రఖ్ లేబర్ క్యాంపుకు వెళ్తున్న జగిత్యాల మనిషి కూర్చున్నాడు.

“గంత ఎండల ఎడారికి బోయి ఏం జూసిన్రక్కా?”

“నక్షత్రాలు.”

“సార్ గూడ జూసిండా?”

ఆఁ, చూశారు అనబోయాను. ఈలోగా ఆయనే అందుకున్నారు.

“లేదన్నా. నాకు చీకట్లో కళ్ళు కనపడవు. ఈమె చూసి చెప్పింది.”

చేతిలో సీసా మూత తీయబోతూ ఆగిపోయాను. ఆ మాట ఆయన పరాయివాళ్ళతో అనడం నేను వినడం అదే మొదలు.

“మా రూంల గూడ ఒకాయినకు గట్లనే ఉండె,” అన్నాడతను. “లైట్ బంద్ జేసేటప్పుడు ఆయినకు జెప్పి చేస్తం. ఖలాస్, గంతే.”

ఆయన నవ్వారు. నాకైతే అతని కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

ఆగస్టులో అమావాస్య చూసుకుని మీరూ వెళ్ళండి. ఉక్కపోస్తుంది, తిట్టుకుంటారు, అయినా వెళ్ళండి. వీలైతే మీకు ఇష్టమైన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి.

బనియాస్‌లో బస్సు ఆగింది. ఆ మెట్టు దగ్గర నేనెప్పుడు చెయ్యందించినా నలుగురూ చూస్తారని విదిలించేవారు. ఆ రోజు నాకంటే ముందు తనే చెయ్యి చాచి, నా వేళ్ళు దొరికేదాకా ఆగి, అప్పుడు దిగారు.