ఆదివారం మాత్ర

ఎముకలు గుల్లబారడం సోఫాలో కూర్చుని సీరియళ్ళు చూసేవాళ్ళకొచ్చే జబ్బని నా గట్టి నమ్మకం. నాకెందుకొస్తుంది? కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ తరఫున ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తినదాన్ని. పెళ్ళయ్యాక పదహారేళ్ళు ఆపేసి, నలభై రెండో ఏట ఇక్కడ అమెరికాలో, నేపర్‌విల్‌లో మళ్ళీ బూట్లు కట్టినదాన్ని. యాభై ఏడేళ్ళకి కూడా వారానికి ముప్పై మైళ్ళు పరిగెత్తేదాన్ని. పెళ్ళినాటి జాకెట్లు ఇంకా పడుతున్నాయని పదిమందిలో చెప్పుకుని మురిసిపోయేదాన్ని. దానికితోడు ఏకాదశులూ, శనివారాలూ ఉపవాసాలు. ఒంటిమీద కండ లేకపోవడమే ఆరోగ్యమనుకునే తెలివి నాది.

అందుకే స్కాన్‌లో తుంటి ఎముక గుల్లబారిందని తేలినప్పుడు నాకు భయం వేయలేదు, డాక్టరమ్మ మీద కోపం వచ్చింది. ఇక్కడే పుట్టిన తెలుగుపిల్ల, మా అమ్మాయి ఈడుది.

“ఆంటీ, రన్నింగ్ మంచిదే. కానీ బోన్స్‌కి అది ఒక్కటే చాలదు. మీరు ఫుడ్ చాలా తక్కువ తింటున్నారు. వెయిట్స్ లిఫ్ట్ చేయాలి” అంది.

“బస్తాలెత్తే వయసా నాది?” అన్నాను.

వారానికొక మాత్ర రాసిచ్చింది. “ఎంప్టీ స్టమక్‌తో వేసుకోవాలి ఆంటీ, ఓన్లీ...” అని ఇంకేదో చెప్పబోతుంటే అడ్డం తగిలాను. పరగడుపంటే ఏమిటో నాకు చెప్పాలా, ముప్పై ఏళ్ళుగా ఉపవాసాలుంటున్నానన్నాను. ఆ పిల్ల తన మాట పూర్తిచేసే ఉంటుంది. నేను అప్పటికే హ్యాండ్‌బ్యాగ్ సర్దుకుంటున్నాను.

మా ఇళ్ళల్లో కాఫీ తిండి లెక్కలోకి రాదు. వ్రతం రోజున పూజయ్యేదాకా పచ్చిమంచినీళ్ళు ముట్టనని చెప్పే మా అమ్మ, ఆ మాట చెప్పేది గ్లాసుడు కాఫీ తాగాకే. ఏమైనా తిన్నావా అని ఎవరడిగినా ఏమీ లేదనేది. అది అబద్ధమని ఆవిడకీ అనిపించలేదు, మాకూ అనిపించలేదు. నేనూ ఆ కడుపునే పుట్టాను. మొదటి రెండు వారాలూ మంచినీళ్ళతో వేసుకుంటే మాత్ర గుండెల్లో మండింది. మూడో ఆదివారం పొద్దున చిక్కటి పాల కాఫీతో వేసుకున్నాను, హాయిగా దిగిపోయింది. వేసుకున్నాక అరగంట పడుకోకూడదన్నారు. పడుకోవడమేమిటి, నేను పరుగుకే పోతున్నాను కదా అని నవ్వుకున్నాను.

నా మూర్ఖత్వం నా ఒక్కదానితో ఆగి ఉంటే ఇది రాయాల్సిన పని లేదు.

ఆదివారాలు నాతో పరిగెత్తే ఆవిడ ఒకరున్నారు. వరంగల్ వైపు మనిషి, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. నేను అక్కా అంటాను, ఆమె చెల్లె అంటుంది. భర్త పోయాక ఇంట్లోంచి కదలకుండా కూర్చుంటే చెయ్యిపట్టుకుని నడిపించాను, ఆ తర్వాత పరిగెత్తించాను. ఏ బూట్లు కొనాలో, ఏ రేసుకి పేరివ్వాలో, అన్నీ నన్నడిగేది. నా తర్వాత ఏడాదికి ఆమెకీ అదే మాత్ర రాశారు. నాలాగా కాదు, ఆమె మందుతో వచ్చిన కాగితం మొత్తం చదివింది.

“ఉత్త నీళ్ళతోనే ఏసుకోవాల్నని రాసి ఉన్నది గద చెల్లె” అంది.

“కాఫీ తాగితే ఉపవాసమే చెడదు, మాత్ర చెడుతుందా అక్కా? కాగితాలు లాయర్ల భయానికి రాస్తారు. నేను వేసుకోవట్లేదూ?” అన్నాను.

తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారే, అదన్నమాట. ఆ వారం నుంచి ఆమె కూడా కాఫీతోనే వేసుకుంది.

నేను మాత్ర మొదలుపెట్టి రెండేళ్ళు గడిచాక, ఒక ఆగస్టులో నాకు గజ్జల్లో నొప్పి మొదలైంది. బామ్ రాసుకుంటూ ఆరు వారాలు పరిగెత్తాను. నొప్పి ఓర్చుకోవడం గొప్పని మా కోచ్ నేర్పాడు, పెళ్ళి ఇంకా బాగా నేర్పింది. చివరికి నది పక్క దారిలో చిన్న వాలు దిగుతుంటే తుంటి దగ్గర విరిగింది. కాలు జారలేదు, ఎవరూ తగల్లేదు. మామూలుగా అడుగు వేశాను, కింద పడ్డాను. ఆపరేషన్ చేసి స్క్రూలు వేశారు.

ఆ తర్వాత డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి అన్నీ మొదటినుంచీ అడిగింది. మాత్ర దేనితో వేసుకుంటున్నారంది. కాఫీతోనన్నాను. టైప్ చేస్తున్న చేతులు ఆగిపోయాయి.

“ఎన్ని రోజుల నుంచి?”

“రెండేళ్ళు.”

“ఆంటీ, కాఫీతో అయితే మెడిసిన్ బాడీలోకి ఆల్మోస్ట్ వెళ్ళదు” అంది మెల్లగా. ఇక పరుగు వద్దని కూడా చెప్పింది. తిట్టి ఉంటే పోట్లాడేదాన్ని. తిట్టలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పార్కింగ్ లాట్‌లో, కారులో కూర్చుని ఏడ్చాను. నా పరుగు పోయినందుకే ఏడ్చాను, ఆ మాట దాచను. ఆ తర్వాతే అక్క గుర్తొచ్చింది. ఫోన్ తీశాను. ఏమని చెప్పను? నువ్వు సరిగ్గానే చదివావు, నేనే చెడగొట్టానని చెప్పాలి. ఇంటికెళ్ళాక చేద్దామనుకున్నాను. ఇంటికెళ్ళాక రేపు చేద్దామనుకున్నాను.

కాలు విరగకముందు నేను పేరిచ్చిన హాఫ్ మారథాన్‌కి అక్క కూడా పేరిచ్చింది. “నీ బదులు గూడ నేనే ఉరుకుత” అనేది. రోజు విడిచి రోజు పచ్చిపులుసు తెచ్చి, మంచం పక్కన కూర్చుని ఎన్ని మైళ్ళు పరిగెత్తిందో చెప్పేది. చెప్పినప్పుడల్లా నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ఒకరోజు, “నడుము పట్టేసినట్లున్నది చెల్లె, ఏమన్న చేయాల్నా?” అంది. వేడినీళ్ళ కాపడం పెట్టుకోమన్నాను. అన్నీ తెలిసి ఆ మాటన్నాను. కోపిష్టిదాన్నని పేరున్న నేను అసలు పిరికిదాన్నని నాకు ఆ రోజే తెలిసింది.

అలా పద్దెనిమిది రోజులు గడిచాయి. రేసులో తొమ్మిదో మైలు దగ్గర ఆమె పేవ్‌మెంట్ దిగుతూ కూలబడిపోయింది. వెన్నుపూస ఒకటి నలిగిపోయిందన్నారు. చెప్పి ఉంటే ఆ రేసు మానేసేది. నా మాట ఎప్పుడు కాదంది గనక?

వాకర్ తోసుకుంటూ హాస్పిటల్‌కి వెళ్ళాను. అక్క వెల్లకిలా పడుకుని ఉంది, దగ్గినా నొప్పికి మొహం పాలిపోతోంది. ఎక్కడా తడుముకోకుండా చెప్పేయాలని దారంతా మాటలు కూడగట్టుకున్నాను.

“అక్కా, ఆ మాత్ర కాఫీతో వేసుకోకూడదంట. వేసుకుంటే పనిచెయ్యదంట. తప్పు నాదే” అన్నాను.

“నీకెప్పుడు తెలిసింది?” అంది.

“నిన్న” అన్నాను.

ఆమె చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకుంది. “ఏడ్వకు. ముందుగాల తెలిస్తే నువ్వు చెప్పకుంట ఉంటవా?” అంది.