సత్తిబాబును వెనక్కి పిలవలేదు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు తెలియదు. ఎవరికైతే చెప్పాలో ఆ మనిషికి అసలే తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

సత్తిబాబుది నరసాపురం దగ్గర, చేపల వేట మీద బతికే కుటుంబం. మాది పాలకొల్లు పక్కన వ్యవసాయం. ఇంజినీరింగ్‌లో ఒకే రూము. చదువయ్యాక ఇద్దరికీ ఒకటే పిచ్చి పట్టుకుంది. చలికాలంలో గడ్డకట్టిన జలపాతాలు ఎక్కడం! సత్తిబాబు వాళ్లమ్మ పడీ పడీ నవ్వేది. "ఐసెక్కడానికి హిమాచల్ దాకా ఎందుకురా? మన రేవులో దిమ్మలు లేవేంటి?" అనేది. చేపల మీద వేసే ఆ ఐసు దిమ్మలు మోస్తూ పెరిగాడు కాబట్టి వాడికి ఐసు తెలుసు. ఎక్కేటప్పుడు చేతిలోని ఐసు గొడ్డలితో ఓసారి తట్టి, చెవి ఒగ్గి, "ఇక్కడ గుల్లరా, పక్కకి రా" అనేవాడు. ఒక్కసారీ తప్పు చెప్పలేదు. వాడి వెనక ఎక్కుతుంటే నాకు భయమే ఉండేది కాదు. వాడంటే అంత ప్రేమ నాకు.

ఏడేళ్ల కిందట మేం ఎక్కాల్సిన జలపాతం నిట్టనిలువుగా ఉంది. అయినా మా గైడ్ భయమంతా దాని దగ్గరికి వెళ్లే దారి మీదే. మంచు పేరుకున్న వాలుకు అడ్డంగా నడవాలి. ఎండ తగలకముందే, ఒక్కొక్కరుగా. ప్రతివాడి గుండె మీదా బీకన్ అనే చిన్న పరికరం ఉండాలి. మంచు కింద కూరుకుపోతే, అది పంపే కూతను తమ బీకన్లలో విని మిగతావాళ్లు తవ్వుతారు. చలికి బ్యాటరీలు దిగిపోకుండా రాత్రి ఇద్దరివీ నా దుప్పట్లోనే దాచాను. పొద్దున్న వాడిది వాడికిచ్చాను.

"ఆన్ చేశావా?" అన్నాడు బూట్లు బిగించుకుంటూ.

"ఆఁ, చేశాన్లే. వేసుకో."

"నువ్వు చేశావంటే ఇంక చూసేదేముంది," అని లోపల వేసుకుని జాకెట్ జిప్ లాగేశాడు.

ఒకరిది ఒకరు పరీక్షించుకున్నారా అని గైడ్ అడిగాడు. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. గ్లవుజులు విప్పబుద్ధి కాలేదు. అయిపోయింది అన్నాను.

సత్తిబాబు వాలు మీద అడుగు పెట్టాక, ఊరికే నా బీకన్ తడుముకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. నేను వేసింది ఒక్క స్విచ్చే. నాది.

వాడింకా పదడుగులు కూడా వేయలేదు. పిలవచ్చు. కానీ వాళ్లింట్లో, పడవలో కాలు పెట్టినవాణ్ణి వెనక నుంచి పిలవరు. పిలిస్తే వాళ్ల నాన్న ఆ రోజు వేట మానేసేవాడు. కొండ దగ్గర కూడా సత్తిబాబుకు అదే పట్టింపు. పిలిస్తే కీడు శంకిస్తాడని ఊరుకున్నాను, ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నది ఇదే. నిజమేనా? ఆ పట్టింపు మీద నాకు అంత గౌరవం ఎప్పుడేడ్చింది? రోజూ ఎగతాళి చేసేవాణ్ణి కదా! పిలిస్తే గైడ్ ముందు నా అబద్ధం బయటపడుతుంది. అదీ అసలు సంగతి. ఒక్క నిమిషం సిగ్గుపడటం ఇష్టం లేక, అవతలికి చేరాక చెబుదాంలే అనుకున్నాను.

మంచు జారింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. బీకన్లు పట్టుకుని వెతుకుతున్నాం, ఒక్క కూతా లేదు. పొడవాటి కడ్డీలతో మంచును పొడుస్తూ "సత్తీ, సత్తీ" అని గొంతు చించుకున్నాను. చివరికి మంచులోంచి బయటికొచ్చిన చెయ్యి గైడ్ కంటబడింది. గ్లవుజు ఊడిపోయి ఉంది. బతికాడు. ఆ చేతికి మూడు వేళ్లు పోయాయి.

ఆస్పత్రిలో, తన బీకన్ ఆఫ్‌లో ఉందని తెలిశాక, నా మొహం చూసి, "ఏడవకురా. నువ్వు ఆన్ చేసే ఇచ్చుంటావు. జిప్ లాగేటప్పుడు స్విచ్చు నేనే నొక్కేసుంటాను, వెధవని," అన్నాడు. నేను కాదనలేదు. వాడి తల నిమురుతూ కూర్చున్నాను.

వేళ్లు పోయాయని వాడు దిగులుపడలేదు. ఆ చేత్తోనే పడవ ఇంజిన్లు విప్పి బిగిస్తాడు. మా ఇంటికొస్తే నా కూతుర్ని భుజాన ఎక్కించుకుని వీధంతా తిప్పుతాడు. కొండలు మాత్రం వదిలేశాడు. వేళ్ల వల్లే అని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, మొన్నటి దాకా. రాజమండ్రిలో గోదావరి గట్టు మీద టీ తాగుతూ, మళ్లీ వెళ్దామా అని అడిగాను. ఎంత ఆశగా చూశాడో! వెంటనే తల దించుకున్నాడు.

"వద్దురా. నా గుండె మీదున్న స్విచ్చే చూసుకోలేనివాణ్ణి. తాడు పట్టుకుని నీ ప్రాణం ఎలా కాస్తాను?"

నేను టీ తాగేశాను. చూశారా, అప్పుడు కూడా చెప్పలేదు.

వాడికి ఎప్పుడు చెబుతానో తెలియదు. చెబితే వాడు నవ్వేసి ఊరుకుంటాడేమో, అదే ఎక్కువ భయం. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఈ మాట రాసి చూసుకోవడం మాత్రం ఇదే మొదటిసారి. కాస్త ఊపిరి ఆడుతోంది.

సత్తిబాబు ఏ స్విచ్చూ ఆపలేదు. నేనే వేయలేదు.